ఎమ్ఎక్స్ రికార్డు ఎందుకు పుట్టింది?

ఒక డొమైన్ పేరుకు వచ్చిన మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో డొమైన్ పేర్ల వ్యవస్థ డీఎన్ఎస్‌లోని ఎమ్ఎక్స్ రికార్డు చెబుతుంది. ప్రధాన సర్వర్ ఆగిపోతే మరో సర్వర్ మెయిల్‌ను అందుకోవడానికే ఈ ఏర్పాటు చేశారన్నది తరచూ వినిపించే వివరణ. 1980ల నాటి ప్రమాణ పత్రాలు దాన్ని పూర్తిగా బలపరచవు.

ఈమెయిల్ తొలి దశ తెలిసిందే. 1971లో రే టామ్లిన్సన్ మనిషి పేరునూ యంత్రం పేరునూ ‘ఎట్’ గుర్తుతో కలిపారు. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో యంత్రాల చిరునామాలన్నీ ఒకే ఫైలులో ఉండేవి. యంత్రం నుంచి యంత్రానికి మెయిల్ అందించే యూయూసీపీ నెట్‌వర్క్ వాడేవారు మాత్రం మెయిల్ ఏయే యంత్రాల మీదుగా పోవాలో తామే వరుసగా రాయాల్సి వచ్చేది.

1983 నవంబరులో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను ప్రతిపాదించారు. అందులో మెయిల్ చేర్చాల్సిన యంత్రాన్ని చూపడానికి రెండు రకాల రికార్డులున్నాయి: నేరుగా అందుకునే యంత్రానికి ఎండీ, అందుకుని ముందుకు పంపే యంత్రానికి ఎంఎఫ్. అంటే ప్రధాన యంత్రం అందకపోతే మరొకదాన్ని ఆశ్రయించే వీలు అప్పటికే ఉంది. బ్యాకప్ ఒక్కటే లక్ష్యమైతే కొత్త రికార్డుతో పనే లేదు. అసలు చిక్కు కాషెలో, అంటే పాత జవాబులను తాత్కాలికంగా దాచుకునే చోట, వచ్చింది. ఒక రకం రికార్డు మాత్రమే నిల్వ ఉన్న సర్వర్‌కు, రెండో రకం ఉందో లేదో తెలిసే దారి లేదు. 1986 జనవరిలో ఆర్ఎఫ్‌సీ 973 అనే ప్రమాణ పత్రం ఆ రెండింటినీ తీసేసి ఎమ్ఎక్స్‌ను తెచ్చింది. ఒకే రకం రికార్డు, దాని పక్కన ఒక అంకె. చిన్న అంకెకే ముందు వరుస.

దాన్ని ఎలా వాడాలో వివరించిన ఆర్ఎఫ్‌సీ 974 రచయిత క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ అప్పుడు బీబీఎన్ సంస్థలో, విశ్వవిద్యాలయాల నెట్‌వర్క్ అయిన సీఎస్‌నెట్ కేంద్రానికి పనిచేసేవారు. ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు. సీఎస్‌నెట్‌లోని ఎన్నో విశ్వవిద్యాలయాలకు ఇంటర్నెట్‌తో నేరుగా సంబంధం లేదు. ఫోను లైన్ల మీద రిలే యంత్రం ద్వారా మెయిల్ అందేది. అలాంటి చోట్లకు కూడా సొంత డొమైన్ పేరును ఎమ్ఎక్స్ సాధ్యం చేసింది. ఎంఎఫ్‌తోనూ సూత్రరీత్యా ఇది కుదిరేదే కనుక, ఈ అవసరమొక్కటే కారణమనడం అతిశయోక్తి. రికార్డు రూపాన్ని కాషె లోపం నిర్ణయించింది. ఆచరణలో దాని విలువను నెట్‌వర్క్‌కు బయటున్న యంత్రాలు నిరూపించాయి. మెయిల్ రెండు సర్వర్ల మధ్య తిరుగుతూ ఉండిపోకుండా, ప్రతి సర్వర్ తన అంకెకు సమానమైనవాటినీ పెద్దవాటినీ వదిలేయాలన్న నియమమూ ఆర్ఎఫ్‌సీ 974లోదే. అది నేటికీ చెక్కుచెదరలేదు.

ఆ తర్వాతి చరిత్ర అంత మెచ్చదగినది కాదు. ఎమ్ఎక్స్ లేకపోతే డొమైన్ చిరునామాకే నేరుగా పంపాలన్న పాత వెసులుబాటును 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5321 కూడా కొనసాగించింది. దానివల్ల ‘ఈ డొమైన్‌కు మెయిల్ వద్దు’ అని ప్రకటించే ప్రామాణిక పద్ధతి కోసం 2015లో ఆర్ఎఫ్‌సీ 7505 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. వడపోత సరిగా లేని బ్యాకప్ సర్వర్లు స్పామ్‌కు దొడ్డిదారులయ్యాయి. డీఎన్ఎస్ జవాబును ఎవరైనా మార్చగలరన్న ముప్పుకు 2018లో వచ్చిన ఎంటీఏ-ఎస్‌టీఎస్ ప్రమాణం ఒక విరుగుడు. అయితే అది నమ్మదగిన ఎమ్ఎక్స్ పేర్లను వెబ్ సర్వర్‌లోని ఫైలులో వెతకమంటుంది. సంతకాలతో పటిష్ఠమైన డీఎన్ఎస్‌పై ఆధారపడే డేన్ పద్ధతి అంతకుముందే ఉండగా, మెయిల్ దారికి వెబ్‌ను జామీను అడగడం సబబైన పరిష్కారం అనిపించదు.