ఫ్రేమింగ్‌హామ్ ఊరి రిజిస్టరు

మన సంఘ సభ్యులలో చాలామందికి ఉదయం కాఫీ ఎంత అలవాటో బి.పి. బిళ్ల కూడా అంతే అలవాటు. ఆ బిళ్ల విలువ తెలియజేసినది అమెరికాలోని ఒక చిన్న ఊరు. దాని సంగతి తెలిసినంతవరకు మనవి చేస్తాను.

పూర్వం బి.పి. పెరగడాన్ని రోగంగా ఎంచేవారు కారు. వయస్సుతోపాటు రక్తనాళాలు గట్టిపడతాయి గనుక రక్తాన్ని నెట్టడానికి ఆ పోటు అవసరమేనని పెద్ద డాక్టర్లే అనేవారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944లో బి.పి. 186/108 ఉండేది. 1945 ఏప్రిల్ 12న అది 300/190కి చేరింది. మెదడులో నరం చిట్లి 63వ ఏట ఆయన కన్నుమూశారు.

1948లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ హృదయ చట్టంపై సంతకం చేశారు. ఆ ఏడాదే బోస్టన్ నగరానికి పడమరన ఉన్న ఫ్రేమింగ్‌హామ్‌లో పరిశీలన మొదలైంది. 5,209 మంది స్త్రీ పురుషులు అందులో చేరారు. వారికి అక్కడ వైద్యమేమీ చేయలేదు. రెండేళ్లకొకసారి పిలిచి బి.పి., కొలెస్టరాల్, పొగతాగే అలవాటు మొదలైనవి నమోదు చేశారు. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్లే వారూ ఓపికగా వచ్చేవారు. ఎవరికైనా గుండెపోటు వస్తే వారి పాత పేజీలు తిరగేసి చూసేవారు. పర్సనల్ రిజిస్టరు రాసిన మనవంటి వారికి ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

1961లో డాక్టర్ కన్నెల్ బృందం ఫలితాలు ప్రకటించింది. బి.పి., కొలెస్టరాల్ ఎక్కువ ఉన్నవారికే గుండెజబ్బు ఎక్కువగా వస్తున్నదని తేలింది. అధిక పోటు వలన రక్తనాళం లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొవ్వుపొర పగిలితే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. ఇదంతా ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండానే జరుగుతుంది.

1960ల చివర ప్రభుత్వం నిధులు ఆపివేయబోగా, అంతకుముందు డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ డాబర్ విరాళాలు సేకరించి పని ఆగకుండా చూశారు. 1971లో మొదట చేరినవారి పిల్లలు, 2002లో మనుమల తరం ఇందులో చేరారు.

"ముసలితనంలో పై అంకె పెరగడం మామూలే" అనే మాట మనలో నేటికీ వినిపిస్తుంది. 60 ఏళ్లు దాటి, పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్న 4,736 మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితం 1991లో వెలువడింది. మందు వాడినవారిలో పక్షవాతం 36 శాతం తగ్గింది.

ఇది చదవకముందు నేనూ ఆ మాటే నమ్మాను. ఏ బాధా లేదు కదా అని నాలుగు నెలలు బిళ్ల మానేశాను. ఒక ఉదయం పేపరు చదువుతుండగా కుడిచేతిలోంచి కళ్లజోడు జారిపోయింది. మా అబ్బాయి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాడు గనుక బతికాను. కానీ గుమాస్తాగా ముప్పై ఏళ్లు ఫైళ్లపై పెట్టిన సంతకం ఇప్పుడు నా చేతికి రాదు. సంతకం కలవలేదని బ్యాంకులో చెక్కు తిప్పి ఇచ్చిన రోజున ఇంటికి వచ్చి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను.

కాబట్టి మిత్రులారా, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ వేసి మీ బి.పి., మీ ఇంటావిడ బి.పి. రాసుకోండి. డాక్టరుగారిని అడగకుండా బిళ్ల మానకండి.