భద్రాచలం అడవి అంచున విద్యుదుత్పత్తి

పూర్వపు ఖమ్మం జిల్లా తూర్పు భాగంలో, గోదావరి, కిన్నెరసాని, సీలేరు నదుల పరిసరాల్లో భారీ విద్యుత్ కేంద్రాల సముదాయం ఒకటి వెలసింది. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్), మణుగూరు వద్ద ఉన్న భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం (బీటీపీఎస్), మోతుగూడెంలోని దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం వీటిలో ముఖ్యమైనవి. మొదటి రెండూ 2016 అక్టోబరులో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చాయి. మూడోది 2014లోనే, రాష్ట్ర విభజన సమయంలో, ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది.

థర్మల్ కేంద్రాలు ఇక్కడికి రావడానికి కారణం బొగ్గు. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. సింగరేణి సంస్థ 1920లో దాని వారసత్వాన్ని అందుకుంది. గని, నీరు రెండూ చేరువలోనే ఉండటంతో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి పాల్వంచను ఎంచుకుంది.

కేటీపీఎస్ ‘ఏ’ స్టేషన్‌లో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉండేవి. యంత్రాలు జపాన్ నుంచి వచ్చాయి. కేంద్రం ప్రారంభ సంవత్సరాన్ని కొందరు 1966 అనీ, మరికొందరు 1967 అనీ రాస్తారు. మొదటి రెండు యూనిట్లు 1966లో, తరువాతి రెండు 1967లో పనిలోకి దిగాయి కనుక రెండు లెక్కలకూ ఆధారం ఉంది. అయితే కేంద్రం పుట్టుకకు 1966నే తీసుకోవడం సబబు. 1974–78 మధ్య ‘బీ’, ‘సీ’ స్టేషన్లలో మరో నాలుగు యూనిట్లు చేరాయి. ఈ ఎనిమిదింటి మొత్తం సామర్థ్యం కొన్ని పట్టికల్లో 680 మెగావాట్లుగా, కొన్నింటిలో 720గా కనిపిస్తుంది. అచ్చుతప్పు అనుకోనక్కర్లేదు. ‘బీ’, ‘సీ’ యూనిట్లను మొదట ఒక్కొక్కటి 110 మెగావాట్లుగా లెక్కగట్టి, తరువాత 120కి పెంచారు. ఏ కాలపు లెక్కో చెప్పకుండా అంకె ఒక్కటే ఎత్తిరాయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

కేంద్రానికి నీరు ప్రధానంగా కిన్నెరసాని జలాశయం నుంచి అందుతుంది. ఆనకట్ట పూర్తయిన కాలాన్ని 1966గా చెప్పేవారు ఉన్నారు, 1970ల ఆరంభానికి జరిపేవారూ ఉన్నారు. తొలి యూనిట్లకు నీటి అవసరాన్ని బట్టి చూస్తే ముందు తేదీయే నమ్మదగినదిగా తోస్తుంది. అప్పటికి పనులు పూర్తిగా ముగియకపోయి ఉండవచ్చు. జలాశయం చుట్టూ ఉన్న అడవిని 1977లో అభయారణ్యంగా ప్రకటించారు. విశ్వనాథ సత్యనారాయణ పాటలకెక్కిన కిన్నెరసాని వాగే టర్బైన్ల ఆవిరిని చల్లార్చే పనికి కుదిరింది.

కాలుష్య నిబంధనలు, యంత్రాల వయసు కలిసి పాత యూనిట్లను దశలవారీగా మూయించాయి. 2020 మార్చి నాటికి ఎనిమిదీ ఆగిపోయాయి. వంద మీటర్ల పైచిలుకు ఎత్తుతో పాల్వంచకు ఆనవాలుగా నిలిచిన ఎనిమిది శీతలీకరణ గోపురాలను 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. ‘ఏ’, ‘బీ’, ‘సీ’ల తరువాత వచ్చిన అయిదో దశ (1997–98, రెండు 250 మెగావాట్ల యూనిట్లు), ఆరో దశ (2011, 500), ఏడో దశ (2018, 800) కలిపి ఇప్పటి సామర్థ్యం 1,800 మెగావాట్లు.

మణుగూరు మండలం రామానుజవరం వద్ద నిర్మించిన బీటీపీఎస్‌లో 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు. అనుమతులు రాకముందే పనులు మొదలయ్యాయన్న అభ్యంతరంతో 2015 చివర జాతీయ హరిత ట్రైబ్యునల్ నిర్మాణాన్ని నిలిపింది. 2017లో పర్యావరణ అనుమతి లభించింది. యూనిట్లు 2020 జూన్ నుంచి 2022 జనవరి వరకు ఒక్కొక్కటిగా ఉత్పత్తిలోకి వచ్చాయి. మరో వివాదం సాంకేతికత మీద. నీటి పీడనం సుమారు 221 బార్లు దాటితే మరుగుదశ లేకుండానే ఆవిరి లక్షణాలు వస్తాయి. ఆ హద్దుకు పైన పనిచేసే సూపర్ క్రిటికల్ బాయిలర్లు యూనిట్ విద్యుత్తుకు తక్కువ బొగ్గు కాలుస్తాయి. పాల్వంచ ఏడో దశ ఆ కోవకు చెందినది. బీటీపీఎస్ మాత్రం పాత సబ్ క్రిటికల్ పద్ధతిది. త్వరగా దొరికే యంత్రాలతో విద్యుత్ కొరత తీర్చడానికే ఆ ఎంపిక అని అప్పటి ప్రభుత్వ పక్షం చెబుతూ వచ్చింది. ఈ నిర్ణయంపై 2024లో వేసిన విచారణ సంఘానికి మొదట జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి, ఆయన తప్పుకున్నాక జస్టిస్ మదన్ బి. లోకూర్ నేతృత్వం వహించారు. బొగ్గు ఖర్చు దృష్ట్యా విమర్శకుల వాదనలో బలం ఉంది. కేంద్రం గని పక్కనే ఉండటం ఆ ఖర్చును కొంత తగ్గిస్తుందన్నదీ కొట్టిపారేయలేం.

దిగువ సీలేరులో 1976–78 మధ్య నెలకొల్పిన 115 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 460 మెగావాట్లు. డొంకరాయి జలాశయం దీనికి ఆధారం. కేంద్రం ఉన్న చింతూరు మండలం, పోలవరం ముంపు నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఏడు మండలాల్లో ఒకటి. విభజన నష్టాలను ఏకరువు పెట్టేటప్పుడు తెలంగాణ రాజకీయ వర్గాలు ఈ 460 మెగావాట్లను తరచూ ప్రస్తావిస్తాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన ఈ కేంద్రానికి ఏపీ జెన్‌కో మరో రెండు 115 మెగావాట్ల యూనిట్లను జోడించే పని చేపట్టింది.