కోవిడ్-19 మహమ్మారి కాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ దంతవైద్యులు

2020 మార్చి నుండి 2022 వరకు కోవిడ్-19 మహమ్మారి మూలంగా దక్షిణ తెలంగాణలోని పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల దంతవైద్యులు ఎదుర్కొన్న శారీరక, మానసిక, ఆర్థిక ఇబ్బందులను ఈ వ్యాసం వివరిస్తుంది. రోగి నోటికి జానెడు దూరంలో ముఖం పెట్టి పనిచేయవలసిన వృత్తి ఇది. కనుక వ్యాధి భయం ఇతర వైద్యులకంటే వీరికి ఎక్కువగా ఉండినది. అయితే ఈ మెట్ట ప్రాంతపు చిన్న పట్టణాలలో భయంతో పాటు ఆదాయం కూడా ఒక్కసారిగా ఆగిపోవుట వలన కలిగిన బాధ అంతకు తక్కువది కాదు.

నేపథ్యం

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో పూర్వపు నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు ఏర్పడినవి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు, తరువాత 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడినవి. తెలంగాణలో పౌరులకు ఉద్దేశించిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్‌లో కలదు. ఈ రెండు పూర్వపు జిల్లాలలో నార్కట్‌పల్లిలోని కామినేని దంతవైద్య విజ్ఞాన సంస్థ, మహబూబ్‌నగర్‌లోని ఎస్.వి.ఎస్. దంతవైద్య విజ్ఞాన సంస్థ అనే రెండు ప్రైవేటు కళాశాలలు, వాటి బోధనాసుపత్రులు ఉన్నవి. ఇవి వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి.

బోధనాసుపత్రులను మినహాయిస్తే ఇక్కడి దంతవైద్యం చాలావరకు చిన్న ప్రైవేటు క్లినిక్కుల మీద ఆధారపడినది. మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి, గద్వాల వంటి పట్టణాలలో ఒక వైద్యుడు, ఒక కుర్చీ, ఒకరిద్దరు సహాయకులతో నడిచేవే ఎక్కువ. గది అద్దెది, కుర్చీ బ్యాంకు అప్పుది. చాలా చోట్ల కింద క్లినిక్కు, పైన ఇల్లు. ఇటువంటి ఏర్పాటులో ఆ ఒక్క వైద్యుడు మంచం పడితే సంస్థ మొత్తం మూతపడినట్లే.

నల్లగొండ జిల్లా దంతవైద్యానికి మరొక ప్రత్యేకత ఫ్లోరోసిస్. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు మొదలైన ప్రాంతాల భూగర్భజలాలలో అది ఈ హద్దును దాటి, కొన్ని బావులలో అనేక రెట్లు ఉండుట తరతరాలుగా ప్రజలను పీడించినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) 1970వ దశకంలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించినది. దానికి "నల్లగొండ పద్ధతి" అనే పేరే ప్రపంచమంతటా స్థిరపడినది. శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే పసితనంలో ఇటువంటి నీరు తాగినవారి పళ్ళపై తెల్లని సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. నవ్వు వచ్చినపుడు చేయి అడ్డుపెట్టుకొనే పిల్లలను చూడని ఉపాధ్యాయుడు ఈ జిల్లాలో ఉండడు. ఆ మచ్చలను తగ్గించుట, పళ్ళకు తొడుగులు వేయుట ఇక్కడి వైద్యులకు నిత్యకృత్యం.

వృత్తిలోని ప్రమాదం

పంటిని తొలిచే ఎయిర్ రోటార్ పరికరం నిమిషానికి సుమారు మూడు, నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. పన్ను వేడెక్కకుండా దానినుండి నీరు చిమ్ముతూ ఉంటుంది. ఆ నీరు రోగి లాలాజలంతో, ఒక్కొక్కపుడు రక్తంతో కలిసి సన్నని తుంపరగా గాలిలోకి లేస్తుంది. గార తీసే అల్ట్రాసోనిక్ పరికరం వలన కూడా ఇదే జరుగుతుంది. పెద్ద చుక్కలు వెంటనే కింద పడినప్పటికీ, సూక్ష్మమైనవి మూసిన గదిలో చాలాసేపు తేలుతూ ఉంటాయి. పైగా మాస్కు తీయకుండా చికిత్స చేయించుకొనుట దంతరోగికి సాధ్యం కాదు.

2020 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వివిధ వృత్తులవారు వ్యాధికి ఎంత చేరువగా పనిచేస్తారో లెక్కగట్టి ఒక పటం ప్రచురించినది. అందులో దంతవైద్య రంగంలోనివారు అత్యధిక ప్రమాదం గలవారి వరుసలో ఉన్నారు. ఆ పటం ప్రపంచమంతటా వాట్సాప్‌లో తిరిగినది. ఒక వృత్తిలోని వారందరూ తమ పేరును ప్రమాదసూచికలో పైన చూసుకొనుట మనసుకు ఎంత కలవరమో ఊహించవచ్చును. అదే సంవత్సరం 30 దేశాలకు చెందిన 650 మంది దంతవైద్యులపై జరిగిన ఒక సర్వేలో 87 శాతం మంది రోగి నుండి గాని, సహోద్యోగి నుండి గాని తమకు వ్యాధి సోకునని భయపడుతున్నట్లు తెలిపారు. కేసులు తగ్గే వరకు క్లినిక్కు మూసివేయుట మేలని 66 శాతం మంది భావించారు.

అంటువ్యాధి ఈ వృత్తి అలవాట్లను మార్చుట ఇదే మొదటిసారి కాదు. 1980వ దశకంలో ఎయిడ్స్ వ్యాధి బయటపడేవరకు వట్టి చేతులతో పళ్ళు పీకే వైద్యులు అన్ని దేశాలలోను ఉండేవారు. చేతి తొడుగులు సర్వసాధారణమైనది ఆ తరువాతనే.

లాక్‌డౌన్, జోన్లు

తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 2న హైదరాబాదులో ప్రకటించబడినది. మార్చి 22 జనతా కర్ఫ్యూ వెంటనే రాష్ట్రంలో లాక్‌డౌన్, మార్చి 25 నుండి దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలైనవి. ఏప్రిల్‌లో సూర్యాపేటలో కూరగాయల మార్కెట్టు పరిసరాలలో వ్యాధి వ్యాపించి, జిల్లాలో కేసులు 80 దాటినవి. గద్వాలలోను అదే నెలలో కేసులు పెరిగినవి. మే ఆరంభంలో కేంద్రం ప్రకటించిన జాబితాలో సూర్యాపేట రెడ్ జోన్‌లో, నల్లగొండ, మహబూబ్‌నగర్ ఆరెంజ్ జోన్‌లో, వనపర్తి, నాగర్‌కర్నూల్ గ్రీన్ జోన్‌లో ఉన్నవి.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ మే 19న దంతవైద్యులకు మార్గదర్శకాలు విడుదల చేసినది. వాటి ప్రకారం కంటైన్‌మెంట్ జోన్‌లోని క్లినిక్కులు మూసి ఉండవలెను. రెడ్ జోన్‌లో అత్యవసర చికిత్సలు మాత్రమే చేయవచ్చును. ఆరెంజ్, గ్రీన్ జోన్లలో సంప్రదింపులకు అనుమతి ఉన్నప్పటికీ చికిత్స అత్యవసరమైనవారికే పరిమితం కావలెను. నోటి క్యాన్సర్ గుర్తింపు పరీక్షలు కూడా వాయిదా వేయవలసి వచ్చినది. అయితే దీనికి ఒకరోజు ముందే, కంటైన్‌మెంట్ ప్రాంతాలు తప్ప రాష్ట్రమంతా గ్రీన్ జోనేనని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించి ఉన్నది. ఏ వాపు అత్యవసరం, ఏ నొప్పి ఆగగలదు అని తేల్చవలసిన బరువు చివరకు వైద్యునిపైనే పడినది. ఫోనులో వర్ణన విని, వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటో చూసి నిర్ణయించవలసి వచ్చేది. వైద్యుడు దొరకని పల్లెలలో రోగులు ఆర్.ఎం.పి.ల వద్ద నొప్పి బిళ్ళలతో సరిపెట్టుకొన్నారు. వారాలు గడిచి దవడ వాచిన తరువాత వచ్చేసరికి, నింపి కాపాడగలిగిన పిప్పి పన్నును పీకవలసి వచ్చేది.

ఆదాయం, అప్పులు

రూట్ కెనాల్, తొడుగులు, క్లిప్పులు, కట్టుడు పళ్ళు, ఇవే దంతవైద్యుని ప్రధాన జీవనాధారం. వీటిలో ఎక్కువ భాగం అత్యవసరం కానివిగా లెక్కించబడినవి. ఫ్లోరోసిస్ మచ్చలకు చేసే చికిత్స సంగతి చెప్పనవసరం లేదు. రంగు మారిన పన్ను ప్రాణం తీయదు. కాని పెళ్ళి చూపులకు, ఉద్యోగపు ఇంటర్వ్యూకు వెళ్ళవలసిన యువతకు అది చిన్న విషయం కాదు. మార్గదర్శకాల రచనలో ఇటువంటి స్థానిక అవసరానికి చోటు దొరకదు.

రిజర్వు బ్యాంకు 2020 మార్చి 27న రుణ వాయిదాలపై మూడు నెలల వెసులుబాటు ప్రకటించి, తరువాత ఆగస్టు 31 వరకు పొడిగించినది. వాయిదా ఆగినను వడ్డీ ఆగలేదు. అద్దె, కరెంటు బిల్లు, సహాయకుల జీతం యథాతథంగా ఉండినవి. రాష్ట్ర ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డుదారులకు ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చినది. అది అవసరమైన సాయమే. అయితే మూడు నెలలుగా రాబడి లేని డాక్టరు ఏ జాబితాలోనూ లేడు. ఊరందరూ "డాక్టరు గారు" అని పిలిచే మనిషి చేబదులు అడుగుటకు సిగ్గుపడతాడు. భార్యాభర్తలు ఇద్దరూ దంతవైద్యులైన ఇళ్ళలో రెండు ఆదాయాలూ ఒకే రోజున ఆగిపోయినవి. ఆరోగ్య సిబ్బందికి కేంద్రం మార్చి 26న ప్రకటించిన 50 లక్షల రూపాయల బీమా ప్రధానంగా ప్రభుత్వ ఆసుపత్రులవారికి, కోవిడ్ విధులకు తీసుకొన్న ప్రైవేటు సిబ్బందికి ఉద్దేశించినది. సొంత క్లినిక్కు నడుపుకొనేవారు దాని పరిధిలోకి వచ్చుట సులభం కాలేదు.

క్లినిక్కు తెరిచిన తరువాత ఖర్చు పెరిగినది. పి.పి.ఇ. కిట్టు, ఎన్-95 మాస్కు, ముఖకవచం, గాలిని బయటకు తోసే ఫ్యాను అన్నీ కొనవలెను. ఒక రోగికి మరొక రోగికి నడుమ గదిని శుభ్రపరచి, గాలి మారేవరకు ఆగవలెను కనుక రోజుకు చూడగలిగే రోగుల సంఖ్య తగ్గినది. ఆ కిట్టు ఖర్చును రోగిపై వేయవలెనా, తాను భరించవలెనా అనేది ప్రతి క్లినిక్కులో రోజూ ఎదురైన ధర్మసంకటం. బొంబాయి, పూణే నగరాలలో పని పోయి తిరిగివచ్చిన పాలమూరు కూలీని అదనపు రుసుము ఎలా అడగగలరు?

మనసుపై ప్రభావం

నల్లగొండలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటుట సాధారణం. గాలిని గదిలోనే తిప్పే ఏ.సి. వాడరాదన్నది ఆనాటి జాగ్రత్త. ప్లాస్టిక్ వంటి కిట్టు లోపల చెమటతో తడిసి, అద్దం మసకబారి, పంటిలోని వెంట్రుకవాసి కాలువలను వెదకవలసి వచ్చేది. మెడ, నడుము నొప్పులు ఈ వృత్తికి పాతవే. మాస్కు బిగుతు వలన తలనొప్పి, ముక్కుపై పుండ్లు కొత్తగా చేరినవి.

ఇంతకంటే బాధాకరమైనది ఇంటికి వెళ్ళుట. క్లినిక్కు మెట్లెక్కితేనే ఇల్లు. ఆ ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న తల్లిదండ్రులు, పసిపిల్లలు ఉంటారు. వేరే గదిలో పడుకొనుట, వేరే కంచంలో తినుట, బిడ్డను ఎత్తుకొనకుండుట నెలల తరబడి సాగినవి. రోగి జ్వరం సంగతి దాచినాడేమోనన్న అనుమానం ఒకవైపు, "ఆ డాక్టరుకు వచ్చిందట" అనే పుకారు భయం మరొకవైపు ఉండేవి. పెద్ద నగరంలో పుకారు నాలుగు రోజులలో మాసిపోతుంది. అందరూ అందరికీ తెలిసిన చిన్న పట్టణంలో అది క్లినిక్కును నెలల పాటు ఖాళీ చేయగలదు. పిల్లలను నవ్వించి నోరు తెరిపించే వైద్యునికి తన నవ్వే కనిపించకుండా పోయినది. తెల్ల ముసుగు మనిషిని చూసి పిల్లలు ఏడ్చేవారు.

సహాయకుల పరిస్థితి గురించి వ్రాసినవారు తక్కువ. పరికరాలు కడిగేది, లాలాజలాన్ని లాగే గొట్టం పట్టుకొనేది వారే. ప్రమాదం వైద్యునితో సమానం, జీతం అందులో కొద్ది భాగం.

విద్యార్థుల బాధ వేరు. పన్ను తొలుచుట, అచ్చు తీయుట చేతితో నేర్వవలసిన విద్య. ఆన్‌లైన్ పాఠాలలో అది రాదు. గ్రామాల నుండి రోగులు రాక బోధనాసుపత్రుల కుర్చీలు ఖాళీగా ఉన్న నెలలలో, చివరి సంవత్సరం విద్యార్థులు, హౌస్ సర్జన్లు చేయవలసిన చికిత్సల లెక్క పూర్తి కాలేదు. తనకు పని వచ్చునా అనే సందేహంతో పట్టా పుచ్చుకొనుట కొత్త వైద్యునికి ఏమంత ధైర్యమిచ్చే విషయం కాదు.

భయం ఎంతవరకు నిజమైనది?

అమెరికాలో 2020 జూన్‌లో సుమారు 2,200 మంది దంతవైద్యులపై జరిపిన సర్వేలో కోవిడ్ సోకినవారు, సోకినట్లు భావించబడినవారు కలిపి ఒక శాతానికి లోపే ఉన్నట్లు తేలినది. వారిలో దాదాపు అందరూ అదనపు జాగ్రత్తలు పాటించినవారే. కనుక పటంలో చూపిన ప్రమాదం వృత్తి స్వభావాన్ని తెలుపుతుందే గాని, జాగ్రత్తపడినవారికి జరగబోయేదానిని కాదు. అమెరికాలోని క్లినిక్కుల వసతులను దేవరకొండలోని ఒక గది క్లినిక్కుతో పోల్చుట సరికాదనే వాదన సబబే. అయినను మాస్కు, రోగి చేత ముందుగా పుక్కిలింపజేయుట, రబ్బరు డ్యామ్, తెరిచిన కిటికీ వంటివి ఖరీదైనవి కావు. ఈ సమాచారం భయం పుట్టించిన పటమంత వేగంగా వైద్యులకు చేరలేదు.

రెండవ విడత

2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందికి టీకాలు ప్రారంభమైనవి. దంతవైద్యులు కూడా అందులో చేర్చబడిరి. ఆ ధీమా ఏర్పడుతున్న సమయంలోనే ఏప్రిల్, మే నెలలలో రెండవ విడత విజృంభించినది. రాష్ట్రంలో మే 12 నుండి జూన్ 19 వరకు మళ్ళీ లాక్‌డౌన్ అమలైనది. ఈసారి భయం గణాంకాలలో కాక బంధువులు, సహాధ్యాయుల మరణవార్తల రూపంలో వచ్చినది.

అదే సమయంలో కోవిడ్ నుండి కోలుకొన్నవారిలో, ముఖ్యంగా చక్కెర వ్యాధి అదుపులో లేక, స్టెరాయిడ్లు వాడినవారిలో మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) కనిపించినది. తెలంగాణ ప్రభుత్వం మే 20న దీనిని తప్పక తెలియపరచవలసిన వ్యాధిగా ప్రకటించి, కోఠిలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రిని ప్రధాన చికిత్సా కేంద్రంగా చేసినది. ఈ వ్యాధి ముక్కు, సైనసుల నుండి పై దవడకు పాకుతుంది. పై పళ్ళు కారణం లేకుండా కదులుట, అంగుడు నల్లబడుట దాని గుర్తులు. పంటి నొప్పి అని వచ్చిన రోగి నోటిలో దీనిని మొదట చూడగలిగినది దంతవైద్యుడే. ఆలస్యమైతే కన్ను, ప్రాణం పోయే వ్యాధి ఇది. అత్యవసరం కాదని పక్కన పెట్టబడిన వృత్తివారే ఏడాది తిరిగేసరికి ఈ గుర్తులను కనిపెట్టి, రోగిని సమయానికి హైదరాబాదు పంపవలసినవారైనారు. చెడిన దవడ ఎముకను తొలగించుట, తరువాత కట్టుడు అంగుడు అమర్చి రోగి తినగలిగేటట్లు, మాట్లాడగలిగేటట్లు చేయుట కూడా దంతవైద్య నిపుణుల పనులలోనివే.

తరువాతి కాలం

2022 జనవరి 10 నుండి ఆరోగ్య సిబ్బందికి మూడవ డోసు ఇవ్వబడినది. అదే సంవత్సరం అక్టోబరు 10న కేంద్రం టెలీ-మానస్ అనే మానసిక ఆరోగ్య సేవను ప్రారంభించినది. 14416 నంబరుకు ఎవరైనను, వైద్యులైనను ఫోను చేయవచ్చును. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినట్లు ప్రకటించినది. ఆ వేసవులలో పేరుకొన్న అప్పులకు మాత్రం అటువంటి ముగింపు తేదీ లేకపోయినది. ఒక్క కుర్చీ క్లినిక్కులు వాటిని వాయిదాల మీద తీర్చవలసి వచ్చినది.