పెంపుడు పిల్లి

పెంపుడు పిల్లి ఫెలిడే కుటుంబమునకు చెందిన చిన్న మాంసాహార క్షీరదము. సంస్కృతములో దీనిని మార్జాలము, బిడాలము అంటారు. దీని శాస్త్రీయ నామము ఫెలిస్ కేటస్. ఈ పేరును 1758లో లిన్నేయస్ పెట్టాడు. పులి, సింహము, చిరుతపులి కూడా ఇదే కుటుంబములోనివి. పునుగుపిల్లి పేరులో పిల్లి ఉన్నప్పటికీ అది వేరొక కుటుంబపు జంతువు. కోరింగ మడ అడవులలో చేపలు పట్టి తినే నీటిపిల్లి మాత్రము నిజముగా పిల్లి జాతిదే.

తెలుగువారి ఇండ్లలో పిల్లికి పాలు, అన్నము కలిపి పెట్టుట పాత అలవాటు. బయట తిరిగి వేటాడే పిల్లి ఈ ఆహారముతో నెట్టుకొని రాగలదు. నాలుగు గోడల మధ్య పెరిగే పిల్లికి ఇదే ఆహారము చూపు పోవుటకు, గుండె జబ్బుకు కారణము కాగలదు.

మచ్చిక అయిన విధము

కుక్కను మనిషి వేటకు, కాపలాకు తెచ్చుకున్నాడు. పిల్లి తనంతట తానే వచ్చినదని చెప్పవచ్చును. పశ్చిమాసియాలో వ్యవసాయము మొదలై ధాన్యము నిలువ చేయగా ఎలుకలు చేరాయి, వాటి వెనుక ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లి చేరినది. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధి ఒకదానిలో మనిషి పక్కన పిల్లి అస్థిపంజరము దొరికినట్లు 2004లో ప్రకటించారు. ఆ ద్వీపములో సహజముగా పిల్లులు లేవు కనుక దానిని పడవలో తెచ్చి ఉండాలి. ఈజిప్టు వారు బాస్టెట్ దేవతను పిల్లి రూపములో కొలిచి, పిల్లుల మృతదేహములను మమ్మీలుగా భద్రపరచారు. ఐరోపాకు పెంపుడు పిల్లులు సుమారు 2,000 సంవత్సరముల క్రితము ఉత్తర ఆఫ్రికా నుండి చేరినట్లు 2025లో వెలువడిన ప్రాచీన డీఎన్ఏ పరిశోధన సూచిస్తున్నది.

వేల ఏండ్లు మనిషి చెంత ఉన్నప్పటికీ పిల్లి శరీరము వేటజంతువు శరీరముగానే మిగిలినది. తీపి రుచిని గ్రహించే జన్యువు పిల్లులలో పనిచేయదని 2005లో తేలినది. పాలమీగడపై వాటికి గల ఆశ కొవ్వు కోసమే గాని తీపి కోసము కాదు.

ఆహారము

పిల్లికి టారిన్ అనే పోషకము తప్పనిసరి. మనిషి, కుక్క దీనిని తమ శరీరములో తగినంత తయారుచేసుకోగలవు, పిల్లి చేసుకోలేదు. ఇది మాంసములో, చేపలో ఉంటుంది. అన్నములో, పప్పులో, కూరగాయలలో దాదాపు ఉండదు. ఆవుపాలలో చాలా తక్కువ. టారిన్ కొరత వలన పిల్లి కంటిలోని రెటీనా క్షీణిస్తుందని 1975లో, గుండె కండరము బలహీనపడుతుందని 1987లో శాస్త్రవేత్తలు నిరూపించారు. టారిన్ ఇస్తే గుండె చాలావరకు కోలుకుంటుంది. పోయిన చూపు మాత్రము తిరిగి రాదు.

హైదరాబాదు తూర్పున మల్కాజిగిరి, ఉప్పల్, నాచారం వంటి చోట్ల పెరడు గల పెంకుటిండ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. పెంకుటింటి పిల్లి ఉదయము పాలన్నము తిని, రాత్రి అటక మీద ఎలుకను, గోడ మీద బల్లిని పట్టుకొని లోటు తీర్చుకొనేది. గృహిణి తాను పెట్టిన పాలన్నముతోనే అది బలిసినదని అనుకొనేది. మూడవ అంతస్తులోని పిల్లికి ఆ ఎలుక లేదు, పాలన్నము మాత్రము మిగిలినది. ఈ మార్పును గమనించని శాకాహార కుటుంబములలో పిల్లికి నష్టము కలుగుతుంది. ఇంట మాంసము వండుట ఇష్టము లేనివారు పిల్లుల కొరకు తయారుచేసి అమ్మే సంపూర్ణ ఆహారమును వాడవచ్చును. కుక్కల ఆహారము దీనికి బదులు కాదు.

వండి పెట్టేవారు కోడి తొడ మాంసము, గుండె, ఉడికించిన చేప ఇవ్వవచ్చును. టారిన్ నీటిలో కరుగుతుంది, కనుక ఉడికించిన నీటిని పారబోయక మాంసముతో కలిపి పెట్టాలి. కాలేయము కొద్దిగానే ఇవ్వాలి. మితిమీరితే విటమిన్ ఎ విషమగును. కొన్ని పచ్చి చేపలలో విటమిన్ బి1ను నాశనము చేసే పదార్థము ఉంటుంది. ఉడికిన ఎముకలు చీలి గొంతులో గుచ్చుకుంటాయి. అయితే మాంసము ఒక్కటే నిత్యము పెట్టినా కాల్షియము చాలదు, ఈ విషయములో పశువైద్యుని సలహా అవసరము.

ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర జీర్ణము కాక విరేచనములు అవుతాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణములను దెబ్బతీస్తాయి; మన కూర కలిపిన అన్నము పెట్టరాదు అనుటకు ఇది ఒక్కటే చాలు. పారాసిటమాల్ మాత్ర ఒక్కటి కూడా ప్రాణము తీయగలదు.

ప్రవర్తన

పిల్లి రోజులో సుమారు 12 నుండి 16 గంటలు నిద్రిస్తుంది. తెల్లవారుజామున, మునిమాపున చురుకుగా ఉంటుంది. కాళ్లకు ఒరుసుకొనుట ప్రేమ మాత్రమే కాదు, చెంపల వద్ద గల గ్రంథుల వాసనను అంటించి ఇది నాది అని చెప్పుట. ఎదిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అనుకొనుట అరుదు. ఆ అరుపు ఎక్కువగా మనుషుల కొరకే. తోక నిలువుగా ఎత్తితే స్నేహము, నేలకు కొడితే చిరాకు. పుట్టిన 2 నుండి 7 వారముల మధ్య మనిషి చేతిలో మెలగిన పిల్ల సులభముగా మచ్చిక అవుతుంది.

వేటజంతువైనా తానూ వేటకు గురికాగల చిన్న ప్రాణి కనుక పిల్లి తన జబ్బును దాచుకుంటుంది. చూపు తగ్గినా మీసములతో, వాసనతో, అలవాటైన దారితో ఇల్లంతా తిరుగుతుంది. కుర్చీ స్థానము మార్చినప్పుడు తగులుకొనుట, చీకటిలో దూకుటకు జంకుట, వెలుతురులో కూడా కనుపాపలు పెద్దవిగా ఉండుట గమనించదగిన గుర్తులు. అప్పటికే చాలా ఆలస్యము అయి ఉండవచ్చును. రెండు మూడు రోజులు ఆహారము మానిన పిల్లికి, ముఖ్యముగా లావుపాటి పిల్లికి, కాలేయ వ్యాధి సోకగలదు. కొత్త ఆహారమునకు అలవాటు చేయుటకు పస్తు పెట్టరాదు; పాతదానిలో కొద్ది కొద్దిగా కలుపుతూ మార్చాలి.

కథలలో

శ్రీకృష్ణదేవరాయలు ఎలుకల బాధ తీర్చుటకు ఇంటింటికీ పిల్లిని, దానికి పాల కొరకు ఆవును ఇచ్చినట్లు, తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి మరిగే పాలు పెట్టి దానిని పాలకు భయపడేటట్లు చేసినట్లు జానపద కథ కలదు. కథలో బక్కచిక్కిన ఆ పిల్లి పాలు మానినందుకు అందరూ నవ్వుతారు. రాయలవారు ఇప్పించిన ఆవుపాలు నిజానికి దానికి సరిపడే ఆహారమే కాదు. తల్లిపిల్లి కూనను మెడపట్టి మోసుకొనిపోవుటను బట్టి వైష్ణవములో మార్జాల కిశోర న్యాయము ఏర్పడినది. కూన తన ప్రయత్నము లేకనే తల్లి రక్షణలో ఉన్నట్లు భక్తుడు భగవంతుని రక్షణలో ఉంటాడని దాని భావము. తల్లిని తానే గట్టిగా పట్టుకొనే కోతిపిల్లను చెప్పేది మర్కట కిశోర న్యాయము.