నీలికళ్లు–గోధుమకళ్లు పాఠం

జాతి వివక్ష ఎలా ఉంటుందో పిల్లలకు అనుభవంలోకి తెచ్చిన తరగతి గది అభ్యాసం. అమెరికాలోని అయోవా రాష్ట్రం, రైస్‌విల్ పట్టణంలో మూడో తరగతి ఉపాధ్యాయిని జేన్ ఎలియట్ దీన్ని రూపొందించారు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడే, 1968 ఏప్రిల్ 5న మొదలుపెట్టారు.

విద్యార్థులంతా తెల్లవారే. అందుకే ఆమె కంటి రంగును బట్టి వారిని విడదీశారు. ఒక వర్గమే తెలివైనదని చెప్పి, ఆటవిడుపు పెంచారు. రెండో వర్గం మెడకు గుడ్డ పట్టీలు కట్టించారు. 'తక్కువ'వారు చదువులో తడబడ్డారు, 'ఎక్కువ'వారు స్నేహితులనే చులకన చేశారు. తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. చివర్లో పిల్లలు తమ అనుభవాన్ని చర్చించి, రాశారు.

1970లో ఏబీసీ టెలివిజన్ దీనిపై డాక్యుమెంటరీ ప్రసారం చేసింది.

పిల్లలను నమ్మించి నొప్పించడం తగదన్న విమర్శలూ వచ్చాయి. ఎలియట్ తర్వాతి కాలంలో ఉద్యోగులకూ ఇదే శిక్షణ ఇచ్చారు.