ప్రేక్షకుడి నాడి: డేరా సినిమా నుంచి ప్రీమియర్ షో దాకా

యానాంలో అమ్ముడయ్యే సినిమా టిక్కెట్టు మీద పన్ను పుదుచ్చేరి లెక్కలోకి పోతుంది. సినిమా వ్యాపారులకు మాత్రం ఆ టిక్కెట్టు ‘ఈస్ట్’లో తెగినట్టే. అంటే యానాంలోని కనకాలపేట ప్రేక్షకుడు కూడా వాళ్ల లెక్కలో తూర్పు గోదావరివాడే. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు: మన పరిశ్రమ తెలుగు ప్రేక్షకులను ఇన్నేళ్లుగా ఈ ఏరియాల పేర్లతోనే గుర్తుపెట్టుకుంది. పెద్ద హీరో సినిమాకు ఆ లెక్క చాలావరకు సరిపోయింది. చిన్న సినిమా దగ్గరికి వచ్చేసరికి పదే పదే తప్పింది. ఎందుకు తప్పిందో తెలియాలంటే, ప్రేక్షకుణ్ణి కొలిచే పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో చూడాలి.

1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు పుచ్చుకుని బొమ్మ ఆడించినప్పుడు వచ్చింది 33 మంది. మన వైపు 1910 ప్రాంతంలో రఘుపతి వెంకయ్య డేరాలు వేసి ఊరూరా బొమ్మలు చూపించారు. డేరా సినిమాకు వేరే సర్వే అక్కర్లేదు. జనం పెరిగితే మకాం పొడిగించడం, పలచబడితే గుడారం ఎత్తెయ్యడం. ఆడించేవాడూ చూసేవాడూ ఎదురెదురుగా ఉండేవారు కనుక తీర్పు ఆ రాత్రే తెలిసిపోయేది.

1932లో ‘భక్త ప్రహ్లాద’తో టాకీలు వచ్చాయి. క్రమంగా పంపిణీ వ్యవస్థ పెరిగి, నిర్మాతకూ ప్రేక్షకుడికీ మధ్య ఏరియా హక్కులు కొనే బయ్యరు నిలిచాడు. అతని తరఫున రిప్రజెంటేటివ్ హాల్లో ఉండి నేల, బెంచి, కుర్చీ టిక్కెట్లు తరగతుల వారీగా లెక్క చూసుకుని పంపే రోజువారీ కాగితమే డీసీఆర్ (డైలీ కలెక్షన్ రిపోర్ట్). పరిశ్రమ చేతికి అందిన మొదటి ప్రేక్షక పరిశోధన అదేనంటాను. ఏ ఊళ్లో ఏ తరగతి నిండింది, రెండో వారంలో ఎంత పడిపోయింది అన్నీ అందులో ఉండేవి. అయితే అది ఆడిన సినిమా చరిత్ర. రాబోయే సినిమాకు దాన్ని అన్వయించాలంటే హీరో, కాంబినేషన్, సీజన్ లాంటి పోలికలు కావాలి. పోల్చడానికి పాత సినిమా లేని కొత్తవాళ్లకు ఆ కాగితంలో చోటే లేదు.

అమెరికాలో 1940లో జార్జ్ గాలప్ హాలీవుడ్ కోసం ప్రేక్షక పరిశోధన సంస్థ పెట్టాడు. ‘ఈ సినిమా చూడాలని ఉందా?’ అన్నది ఒక ప్రశ్నగా, ‘చూశాక నచ్చిందా?’ అన్నది మరో ప్రశ్నగా అక్కడ విడదీశారు. చిన్న సినిమా గుట్టంతా ఈ రెంటి మధ్య దూరంలోనే ఉంది. మొదటి ప్రశ్నకు దానికి మార్కులు రావు. బతికితే రెండోదానితోనే బతకాలి.

1980 ఈ సంగతిని రెండుసార్లు రుజువు చేసింది. యానాం నుంచి గౌతమీ గోదావరికి అవతల ఉన్న కొత్తపేటలో పుట్టిన ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ‘శంకరాభరణం’ను కొనడానికి బయ్యర్లు వెనకాడారు. మొదట్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. చూసినవాళ్లు చెప్పగా చెప్పగా నిండాయి. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లోని బెజాన్‌సోఁ చిత్రోత్సవంలో ఆ సినిమాకు ప్రేక్షకుల బహుమతే దక్కింది. అదే 1980లో వచ్చిన ‘మా భూమి’ హైదరాబాద్‌లో మార్నింగ్ షోలతో ఏడాది పాటు ఆడింది. రెంటికీ కలిసొచ్చింది కాలం. టాక్ ఊరంతా పాకడానికి రోజులు పడుతుంది, ఆ రోజులు వాటికి దొరికాయి.

ఆ తర్వాత ప్రింట్లు పెరిగాయి, వారాలు తగ్గాయి. వందల హాళ్లలో ఒక్కసారే విడుదలై, మొదటి మూడు రోజుల్లోనే జాతకం తేలిపోయే కాలం వచ్చింది. 2004లో పెద్ద హీరో సినిమా ‘శంకర్‌దాదా ఎంబీబీఎస్’ వచ్చిన రోజునే విడుదలైన శేఖర్ కమ్ముల చిన్న సినిమా ‘ఆనంద్’ నిలదొక్కుకోవడం అందుకే విశేషం. ఇప్పుడు బుకింగ్ యాప్‌లు సీటు సీటుకూ లెక్క చెబుతున్నాయి. ట్రైలర్ కోసం జరిగే వెతుకులాటకు మరికొన్ని వివరాలు కలిపి, నెల ముందే 94 శాతం కచ్చితత్వంతో వసూళ్లు చెప్పవచ్చని 2013లో గూగుల్ ప్రకటించింది. కానీ ఆ అంచనా తొలి వారాంతపు వసూళ్లకే. అంటే గాలప్ అడిగిన మొదటి ప్రశ్నకే మరింత వేగంగా జవాబు దొరికింది.

రెండో ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు చిన్న సినిమావాళ్లే. 2016లో ‘పెళ్ళిచూపులు’ను విడుదలకు ముందే ప్రివ్యూలు వేసి చూపించారు. 2025లో ‘కోర్ట్’ రెండు రోజుల ముందే టిక్కెట్లు పెట్టి ప్రీమియర్లు వేసింది. కాలం దొరకదని తెలిసి, టాక్‌కు కావలసిన రోజుల్ని ముందుకు జరుపుకున్నారు. 2023లో ‘బలగం’ను తెలంగాణ పల్లెల్లో వీధిలో తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. డేరా తిరిగొచ్చినట్టయింది.

కనుక స్వతంత్ర నిర్మాత మొదటి ఖర్చు పోస్టరు మీద కాదు, ప్రదర్శన మీద పెట్టాలి. ‘ఈస్ట్’ అంకెలో విడిగా కనబడని కనకాలపేట లాంటి చోట ఒక సాయంత్రం, ఆడామగా పిల్లాపెద్దా కలిసి కూర్చునేలా బొమ్మ వేయాలి. అయిపోయాక ‘బాగుందా?’ అని అడగకూడదు. ఎదురుగా నిలబడ్డ మనిషిని నొప్పించడం ఇష్టంలేక మనవాళ్లు ‘బాగుంది బాబూ’ అనేస్తారు. ‘రేపు మళ్లీ వేస్తే ఎవరిని వెంటబెట్టుకొస్తారు?’ అని అడగాలి. అమ్మనో, పక్కింటివాళ్లనో, పనిలో తోటివాళ్లనో తడుముకోకుండా చెప్పారంటే, ఆ సినిమా నడుస్తుందని నేను నమ్ముతాను.