టేపు పోయి ఫోను వచ్చె

కరీంనగర్ టవర్ సర్కిల్ దిక్కు కేసెట్ దుకాణాల్లో పాటల చిట్టీ ఇస్తే రికార్డు చేసి ఇచ్చేవాళ్లు. అరవై నిమిషాల కేసెట్‌లో ఒక్కో పక్కకు ఆరేడు పాటలు పట్టేవి. నేనైతే ఒగ్గుకథలే అడిగేవాణ్ణి. కాపీకి కాపీ తీస్తుంటే డోలు దెబ్బ మెత్తబడి, టేపు ‘సుయ్’మనేదే ఎక్కువయ్యేది. 1963లో ఫిలిప్స్ తెచ్చిన కేసెట్‌కు అది పుట్టుగుణం.

తర్వాత సెల్ దుకాణాల కాలం. మెమరీ కార్డు ఇస్తే వందల ఎంపీ3లు ఎక్కించేవాళ్లు. కానీ 128 కేబీపీఎస్‌కు కుదిస్తే తాళాల గలగల మొద్దుబారేది. 2016 సెప్టెంబరులో జియో రాగానే ఆ గిరాకీ పడిపోయింది.

ఇప్పుడు నాకు పాత ఫోనే పాటల పెట్టె. సీడీ కొలత సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు; ఫ్లాక్ ఫైల్ దాన్ని చెడకుండా దాస్తుంది, ఫోన్లోని చిప్ అంకెలను ధ్వనిగా మారుస్తుంది. 32 ఓమ్‌ల వైరు హెడ్‌ఫోన్‌కు మామూలుగా ఫోనిచ్చే బలం చాలు. 300 ఓమ్‌లదైతే ఆంప్లిఫయర్ కావాలి. జాక్ లేని ఫోనుకు చిన్న యూఎస్‌బీ డాంగిల్ సరిపోతుంది.

ఆదిలాబాద్ చుట్టాలు దండారి పండుగలో రికార్డు చేసి పంపిన గుస్సాడీ ఆట డప్పులు కూడా ఇందులోనే వింటున్న. పైసలుంటే హెడ్‌ఫోన్ మీద పెట్టుండ్రి, కొత్త ఫోను మీద కాదు.